రిజర్వ్ లైటు వెలిగాక డీజిల్ థార్ ఎంత దూరం వెళ్తుంది? అంతర్వేది నుంచి యానాం దాకా లాగేదా?

లంకకుర్రోడు:
మాది అమలాపురం పక్కనండి. బండి డీజిల్ థార్, ఫోర్ బై ఫోర్, ట్యాంకు 57 లీటర్లు. మొన్న ఆదివారం నలుగురం అంతర్వేది వెళ్లాం, దర్శనం అయ్యాక ఇసుకలోకి దింపాం. నా ప్లాను ఏంటంటే ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యేదాకా తిరిగి, సాయంత్రం అట్నుంచటే యానాం పోయి ఫుల్ కొట్టించడం. పుదుచ్చేరి కింద ఉంది కాబట్టి పన్ను తక్కువ, రేటూ తక్కువ. నవ్వకండి, ఇక్కడ సగం మంది చేసే పనే.

ఇసుకలో దిగీ దిగగానే లైటు వెలిగింది. స్క్రీన్ మీద ఇంకా 110 కిలోమీటర్లు అని ఉంది, యానాం నా లెక్కలో 95, సరిపోద్దిలే అనుకున్నా. ఫోర్ లోలో (నాలుగు చక్రాలూ తక్కువ గేరులో తిరిగే పద్ధతి) ఓ 6 కిలోమీటర్లు తిరిగి రోడ్డెక్కి చూస్తే ఆ 110 కాస్తా 48! గుండె జారిపోయింది. ఏసీ ఆపాను, టెన్షన్‌లో పాటలు కూడా ఆపేశాను, వాటికీ డీజిల్‌కీ ఏంటి సంబంధమో నాకే తెలీదు. తీరా మలికిపురం వచ్చేసరికి అదే నంబరు మళ్లీ 70 అయింది. నడిచేకొద్దీ పెరగడమేంటి? దాన్ని నమ్మలేక అక్కడే బంకులో ఆటో కట్ అయ్యేదాకా పోయిస్తే 49.6 లీటర్లు పట్టింది.

అడిగేది ఏంటంటే, ఆగకుండా పోయుంటే యానాం చేరేవాడినా? డీజిల్ బండి పూర్తిగా ఎండిపోతే పెద్ద ఖర్చని మావాడు భయపెట్టాడు, అది నిజమేనా, పాత జీపుల కాలం కబురా?

పాతజీపు:
ఊరికే భయపడ్డారు. నా పాత మహీంద్రా ఎంఎం 540 జీపుకి గేజీ ముల్లు ఎప్పుడో చచ్చిపోయింది, ఇన్నేళ్లుగా కిలోమీటర్ల లెక్క మీదే నడుపుతున్నా. నాలుగైదు సార్లు ఎండబెట్టాను కూడా. ఓసారి దిండి దాటాక చించినాడ వంతెన మధ్యలో ఆగిపోయింది, కింద వశిష్ట, పైన మే నెల ఎండ. ఎవరో బైకు మీద 5 లీటర్లు తెచ్చిచ్చారు, పోసి, ఫిల్టర్ మీద స్క్రూ వదులు చేసి, చేతి పంపు నొక్కుతూ ఎయిర్ తీసేస్తే పావుగంటలో స్టార్ట్. అంతే. లైటు వెలిగాక 80 కళ్లు మూసుకుని వెళ్లొచ్చు.

రాజోలుస్పానర్:
పాతజీపు గారూ, మీ బండికి మీరు చెప్పింది కరెక్టే, ఆయన బండికి కాదండి. చూసేవాళ్లు అదే పని థార్ మీద చేస్తారని భయంతో రాస్తున్నా.

ముందు ఆ నంబరు సంగతి. అది ట్యాంకులో ఎంతుందో చెప్పదు, ఉన్నదాన్ని ఇందాకటి మైలేజీతో గుణించి చెబుతుంది. రోడ్డు మీద వచ్చిన అలవాటుతో 110 అంది. ఇసుకలో ఫోర్ లోలో లీటరుకి నాలుగో ఐదో వస్తుంటే, ఇకమీదట దారంతా ఇలాగే ఉంటుందనుకుని 48కి దింపింది. తారు రోడ్డెక్కాక సగటు మెరుగుపడి మళ్లీ పెంచింది. కొత్తగా డీజిల్ ఎక్కడి నుంచీ రాలేదు!

57లో 49.6 తీస్తే మలికిపురంలో మీ దగ్గర ఉన్నది 7.4. ఇసుకలో, రోడ్డు మీద కాలింది కలుపుకుంటే లైటు వెలిగినప్పుడు సుమారు 10 లీటర్లు ఉండుంటుంది. ఆ 7.4లో అడుగున ఓ రెండు లీటర్లు లేనట్టే అనుకోండి. గొట్టానికి సరిగా అందదు, మలుపులోనో గట్టు ఎక్కేటప్పుడో డీజిల్ ఓ పక్కకి ఒరిగితే గాలి లాగేస్తుంది. మిగిలింది 5.4. నలుగురు మనుషులు, లీటరుకి 13 వేసుకుంటే 70. మలికిపురం నుంచి యానాం 75 దాకా ఉంటుంది. అంటే బాబూ, నీ బండి సరిగ్గా ఎదుర్లంక వంతెన దగ్గర ఆగేది, అవతల ఒడ్డున యానాం కనిపిస్తూ ఉండేది.

ఇక ఎండిపోతే ఏమవుతుందంటే, పెట్రోలు బండి అయితే పోసుకుని పోతాం. ఇప్పటి డీజిల్ ఇంజన్లలో హై ప్రెజర్ పంపుకి డీజిలే ఆయిలు, లోపల తిరిగే భాగాలు దానితోనే తడుస్తాయి. గాలి లాగుతూ తిరిగితే అరుగుతుంది, ఆ రజను ఇంజెక్టర్లలోకి, అంటే ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే భాగాల్లోకి పోతే ఆ బిల్లు ముందు యానాంలో మిగిలేది ఏ మూలకీ రాదు. ఒక్కసారికే పోతుందని చెప్పను, కానీ ఆగిపోయాక సెల్ఫ్ కొడుతూనే ఉంటారు చూడండి, అసలు నాశనం అక్కడ. బండి జర్క్ ఇవ్వడం మొదలుపెట్టగానే పక్కకి తీసి ఆపేయండి. డీజిల్ పోశాక ఫిల్టర్ దగ్గర చేతి పంపు ఉంటే అది గట్టిపడేదాకా నొక్కండి, ట్యాంకులో కరెంటు పంపు ఉన్న బండైతే స్టార్ట్ చేయకుండా తాళం నాలుగైదు సార్లు ఆన్ ఆఫ్ చేయండి. ఇంజెక్టర్ల వైపు నట్లు మాత్రం ముట్టుకోవద్దు. అక్కడ ప్రెజర్ వెయ్యి బార్ పైనే ఉంటుంది, చిమ్మిన డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

చెరువుగట్టు:
నాదో అనుభవం చెబుతా. కిందటి వానాకాలం చెరువుల నుంచి రాత్రి తిరిగొస్తుంటే కాలవ గట్టు మీద మా బొలేరో ఆగిపోయింది. లైటు పొద్దున్నే వెలిగింది, మా ఆయన పోయిస్తారులే అని నేను, నేను పోయిస్తానులే అని ఆయన. షెడ్డులో జనరేటర్ డ్రమ్ము ఉంది కదా అని పదిలీటర్లు తెప్పించి పోశాం. ఆ డ్రమ్ము మూతలోంచి వాననీళ్లు దిగాయని ఎవరికీ తెలీదు. స్టార్ట్ అయింది, రెండు కిలోమీటర్లు పోయి మళ్లీ ఆగింది. ట్యాంకు దింపి కడగాల్సి వచ్చింది. నిండు ట్యాంకులో కాసిని నీళ్లు పడితే ఫిల్టర్ కింద చేరేవి, వాటిని బయటికి వదిలేసేవాళ్లం. ఖాళీ ట్యాంకులో పోసేసరికి నేరుగా అవే లాగింది. అందుకని తెలియని డ్రమ్ములోది పోయాల్సి వస్తే ముందు సీసాలో పట్టి కాసేపు చూడండి, నీళ్లుంటే అడుక్కి దిగి గీతలా కనిపిస్తాయి.

ఇంకోటి, జనవరి నుంచి మార్చి దాకా ఆ తీరంలో తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఆ రోజుల్లో ఇసుక మీదికి బండి ఎక్కించకండి బాబూ.

లంకకుర్రోడు:
ఎదుర్లంక వంతెన మాట చదివి మావాడు గంట నుంచీ నవ్వుతూనే ఉన్నాడు. తాబేళ్ల సంగతి నిజంగా తెలీదండి, ఇక ఆ నెలల్లో దింపను. స్పానర్ గారూ, 10 లీటర్ల ఇనప క్యాను కొని వెనక స్పేర్ టైరుకి బిగిద్దామనుకుంటున్నా, పర్లేదా?

రాజోలుస్పానర్:
అక్కడ మాత్రం వద్దు. వెనక నుంచి ఎవడైనా గుద్దితే ముందు తగిలేది దానికే. బండిలోపల, వెనక సీటు వెనకాల కింద కదలకుండా కట్టండి, మూత రబ్బరు బాగుందో లేదో చూసుకోండి. లేకపోతే నలుగురూ అంతర్వేది దాకా డీజిల్ వాసన పీల్చాలి.