కార్డు లేని క్యాన్సర్ రోగికి వైద్యం మధ్యలో ఆపవచ్చా?

కృష్ణలంక వాసి: మా చిన్నాన్నకు నోటి క్యాన్సర్. విజయవాడ ఆటోనగర్‌లో లేతు పని చేసేవారు. కొడుక్కి ప్రభుత్వోద్యోగం రాగానే తెల్లకార్డు పోయింది, దాంతో ఉచిత వైద్య పథకమూ పోయింది. ఆ కొడుకు ఇప్పుడు పలకడు. బీమా సంగతి ఎవరూ ఆలోచించలేదు. సూర్యారావుపేటలో ఒక ఆసుపత్రిలో ముప్ఫై సిట్టింగులు కరెంటు (రేడియేషన్) పెట్టాలన్నారు. పదకొండు అయ్యాయి. మిగతా డబ్బు కడితేనే పన్నెండోది అన్నారు. కరెంటు పెట్టేటప్పుడు తల కదలకుండా ఆయన ముఖానికి అచ్చు పోసిన వల ముసుగు, పేరు రాసి, లోపల అరలో ఉంది. ఆయన బయట బల్ల మీద ఉన్నారు. మొదట్లోనే కుదరదంటే ఇంకోచోట చూసుకునేవాళ్లం కదా?

బిల్లింగ్ కౌంటరు: గుంటూరు కొత్తపేటలో పదేళ్లుగా ఇదే ఉద్యోగం నాది. తిట్లు తినేది మేమే. ఆ యంత్రం ఖరీదు కోట్లలో ఉంటుంది, వాయిదాలు ఎవరి కోసమూ ఆగవు. ప్రభుత్వం నుంచి ఎన్టీఆర్ వైద్యసేవ (ఆరోగ్యశ్రీ) పథకం బకాయిలు రాకనే కదా 2025 అక్టోబరులో ఆ పథకంలోని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపింది! కార్డున్నవాళ్లకే దిక్కు లేనప్పుడు లేనివాళ్ల బరువు మా మీద వేస్తే ఎలాగండీ? గుంటూరు ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లో నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ విభాగం ఉంది, అక్కడ అడగండి.

గుంటూరు బ్రాడీపేట వాసి: అడగమనడం తేలికే. మధ్యలో చోటు మారితే మళ్లీ స్కాను, మళ్లీ లెక్కలు, మళ్లీ ముసుగు. ఈలోపు రోజులు పోతాయి. నోటి, గొంతు క్యాన్సర్లలో కరెంటుకు విరామం వస్తే మిగిలిన కణాలు మళ్లీ పెరుగుతాయని డాక్టర్లే చెబుతారు. ప్రమాదంలో గాయపడినవారికి ముందు వైద్యం చేయాలని, ప్రైవేటు డాక్టరైనా సరేనని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. క్యాన్సర్‌లో నెత్తురు కారదు కాబట్టి ఎవరికీ తొందర కనిపించదు. నా మట్టుకు మొదటి సిట్టింగుకు ముందు డబ్బు అడగడం వ్యాపారం, సరే. పన్నెండోదానికి ముందు అడ్డుపడటం మాత్రం చేసిన వైద్యాన్ని కూడా పాడుచేయడమే. ముప్ఫైకీ ఒప్పుకున్నాకే మొదలుపెట్టాలి, మొదలుపెట్టాక బాకీ సంగతి తర్వాత తేల్చుకోవాలి.

బిల్లింగ్ కౌంటరు: అలా అయితే డబ్బు లేనివాళ్లను గుమ్మం దగ్గరే తిప్పి పంపుతారు. అది మేలా?

బ్రాడీపేట వాసి: మేలు కాదు. కానీ అప్పుడు కనీసం జీజీహెచ్‌కు పోవడానికి రోజులు మిగులుతాయి.

కృష్ణలంక వాసి: పిన్ని గాజులు తాకట్టు పెట్టింది. తొమ్మిది రోజుల తర్వాత ఇవాళ లోపలికి పిలిచారు. ఆయన చిక్కిపోయారని ముసుగు వదులైంది, కొత్తది పోయాలన్నారు. దానికి వేరే బిల్లు.