కొత్త ల్యాప్‌టాప్‌లో ఎక్స్‌పీ వర్చువల్ మెషీన్ నత్తనడక, యూఎస్‌బీ లాక్ కూడా పట్టడం లేదు

డీటీపీ_హన్మకొండ:
అందరికీ నమస్కారం. మాది చిన్న డీటీపీ షాపు. పదిహేనేళ్ల శుభలేఖలు, కరపత్రాలు అన్నీ పేజ్‌మేకర్ 7 (పేజీలు పేర్చే పాత సాఫ్ట్‌వేర్)లో అను తెలుగు ఫాంట్లతో చేసినవే. పోయిన వారం పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ మదర్‌బోర్డు కాలిపోయింది, హార్డ్‌డిస్క్ మాత్రం బాగానే ఉంది. కొత్త ల్యాప్‌టాప్ (విండోస్ 11, 8 జీబీ ర్యామ్) కొని వర్చువల్‌బాక్స్ 7 (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ని, అంటే వర్చువల్ మెషీన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) వేసి అందులో ఎక్స్‌పీ ఎక్కించాను, 4 జీబీ ర్యామ్, నాలుగు ప్రాసెసర్లు ఇచ్చాను, అయినా స్టార్ట్ మెనూ తెరుచుకోవడానికే ఐదారు సెకన్లు పడుతోంది. కింద మూలలో పచ్చ తాబేలు బొమ్మ ఒకటి కనబడుతోంది, అదేంటో తెలియదు. తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌కున్న యూఎస్‌బీ లాక్ (అది ఉంటేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకునే తాళం లాంటి పరికరం) గుచ్చితే ఎక్స్‌పీలో చప్పుడే లేదు. ముహూర్తాలు దగ్గరపడ్డాయి, చాలా టెన్షన్‌గా ఉంది.

లినక్స్_రాజు:
అన్నా, ఆ తాబేలే అసలు సంగతి చెబుతోంది. మీ విండోస్‌లో హైపర్-వి (విండోస్ సొంత వర్చువల్ మెషీన్ వ్యవస్థ) ముందే నడుస్తోందన్నమాట, ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్ దాని చేతిలో ఉంది కాబట్టి వర్చువల్‌బాక్స్ దాని మీదుగా పని చేయాల్సి వస్తోంది. విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసోలేషన్‌కి వెళ్లి మెమరీ ఇంటెగ్రిటీ ఆపండి. తర్వాత విండోస్ ఫీచర్స్‌లో హైపర్-వి, వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫామ్ టిక్కులు తీసేసి రీస్టార్ట్ కొట్టండి, షట్‌డౌన్ కాదు, ఫాస్ట్ స్టార్టప్ ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు.
ఇంకోటి, ఎక్స్‌పీకి 4 జీబీ దండగ. సగం ర్యామ్ దానికే పోతే బయట విండోస్‌కి ఊపిరాడదు. 1 జీబీ, ఒక్క ప్రాసెసర్ చాలు.
లాక్ సంగతి: ఎక్స్‌పీతో పాటు యూఎస్‌బీ 3 డ్రైవర్లు రావు, సెట్టింగ్స్‌లో 2.0 కంట్రోలర్ ఎంచుకుని, లాక్ గుచ్చి ఉండగానే దాని పేరుతో ఫిల్టర్ (లాక్‌ని నేరుగా ఎక్స్‌పీకి అప్పగించే సెట్టింగ్) పెట్టండి. ఒకసారి తీసి మళ్లీ గుచ్చండి.

సిస్‌అడ్మిన్_విజయవాడ:
రాజు గారు చెప్పింది కరెక్టే, కానీ మెమరీ ఇంటెగ్రిటీ ఊరికే పెట్టింది కాదు, చెడ్డ డ్రైవర్లు విండోస్ గుండెకాయ లాంటి కెర్నెల్‌లోకి దూరకుండా కాపలా కాస్తుంది. ముందు ర్యామ్, ప్రాసెసర్లు తగ్గించి చూడండి, దాంతోనే పని జరిగితే ఇంటెగ్రిటీ ఆపకండి. ఏది ఎలా ఉన్నా ఆ ఎక్స్‌పీకి నెట్ మాత్రం ఇవ్వొద్దు సార్, 2014 ఏప్రిల్ 8తో దాని సపోర్ట్ ఆగిపోయింది. నెట్‌వర్క్ అడాప్టర్ తీసేయండి, ఫైళ్లకు షేర్డ్ ఫోల్డర్ చాలు. కస్టమర్లు తెచ్చే పెన్‌డ్రైవ్‌లు విండోస్ 11లోనే స్కాన్ చేసి, కావాల్సిన ఫైలు ఒక్కటే లోపలికి పంపండి.

డీటీపీ_హన్మకొండ:
ఇద్దరికీ చాలా థాంక్స్. ర్యామ్ తగ్గిస్తే కొంత నయమైంది గానీ పెద్ద ఫైలు దగ్గర మళ్లీ ఆగింది, చివరికి ఇంటెగ్రిటీ ఆపక తప్పలేదు. తాబేలు పోయింది. లాక్ గుచ్చగానే ఎక్స్‌పీ డ్రైవర్ అడిగింది, పాత సీడీ నుంచి ఇచ్చాను. 2011 నాటి శుభలేఖ ఒకటి తెరిచి చూస్తే ఒత్తులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, ప్రాణం లేచొచ్చింది. ఒక స్నాప్‌షాట్ (ఎక్స్‌పీ మెషీన్ ఇప్పుడున్న స్థితి నకలు) వర్చువల్‌బాక్స్‌లో తీసి పెట్టాను, బ్యాకప్‌కి అది సరిపోతుందా?

లినక్స్_రాజు:
సరిపోదు అన్నా. స్నాప్‌షాట్ అదే డిస్క్ మీద, అసలు ఫైలు మీదే ఆధారపడి ఉంటుంది, ల్యాప్‌టాప్ పోతే రెండూ పోతాయి. ఎక్స్‌పీని షట్‌డౌన్ చేసి, ఆ మెషీన్ ఫోల్డర్ మొత్తం బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేయండి, ఈ రాత్రికే. పాత హార్డ్‌డిస్క్ కూడా ఫార్మాట్ చేయకుండా బీరువాలో దాచండి.