మైక్రోసాఫ్ట్ టీమ్స్ మీటింగ్ లింక్ నొక్కితే యాప్ బదులు క్రోమ్‌లోనే తెరుచుకుంటోంది, ఏం చేయాలి?

ఆఫీస్ వాళ్లు కొత్త లాప్‌టాప్ ఇచ్చారండీ, విండోస్ 11, అప్పట్నుంచి క్యాలెండర్‌లో టీమ్స్ లింక్ నొక్కితే క్రోమ్‌లో ట్యాబ్ తెరుచుకుని నేరుగా వెబ్ మీటింగ్‌లోకి పోతోంది, యాప్‌లో ఓపెన్ చేయాలా అని అడిగే చిన్న బాక్స్ అసలు రావట్లేదు. యాప్ విడిగా తెరిచి జాయిన్ అయితే బానే ఉంది కాబట్టి తప్పు యాప్‌ది కాదనుకుంటా. సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ యాప్స్‌కి పోయి లింక్ టైప్ (ఏ రకం లింక్ ఏ యాప్‌లో తెరుచుకోవాలన్నది) చూశా, అక్కడ టీమ్సే ఉంది. క్రోమ్ మెనూ కింద మాత్రం మీ సంస్థ మేనేజ్ చేస్తోంది అని కనిపిస్తోంది, అంటే ఐటీ వాళ్ల పాలసీ (వాళ్లు అందరి లాప్‌టాప్‌లకీ పెట్టే సెట్టింగ్) వల్లేనా? నాకు అడ్మిన్ రైట్స్ లేవు, ఐటీ వాళ్లకి టికెట్ (కంప్లైంట్) వేస్తే రీస్టార్ట్ చేశారా అని అడిగి క్లోజ్ చేసేస్తారు (మా దగ్గర అంతే). టికెట్‌లో ఏం మార్చమని రాయాలో తెలిసినవాళ్లు కాస్త చెప్పండి ప్లీజ్, సోమవారం క్లయింట్ డెమో ఉంది.