బ్యూటైల్ షీట్ వేసినా కారులో టైర్ల హోరు తగ్గలేదు

హ్యాచ్‌బ్యాక్ కారు. నాలుగు తలుపుల బయటి రేకుకు లోపలివైపు, వెనక చక్రాల గూళ్ల మీద 2 మి.మీ. బ్యూటైల్ షీట్ (రేకు అదురును తగ్గించే జిగట రబ్బరు షీట్) అంటించాను. ముందుగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, రోలర్‌తో గట్టిగా అదిమాను. నీరు పోయే రంధ్రాలు మూయలేదు. తలుపు వేస్తే ఇప్పుడు నిండైన చప్పుడు వస్తోంది, స్పీకర్ల దగ్గర రేకు అదరడం పూర్తిగా పోయింది. అంతవరకు చాలా సంతోషం.

కానీ సిమెంటు రోడ్డు మీద గంటకు 70 కి.మీ. దాటగానే వెనక సీటు కింది నుంచి అదే హోరు. తారు రోడ్డు మీద బాగా తక్కువ. టైర్లలో గాలి సరిగానే ఉంది, ముందువి వెనక్కి మార్చినా తేడా లేదు. బేరింగులు బాగున్నాయని మెకానిక్ చూసి చెప్పారు.

బ్యూటైల్ షీట్ రేకు అదురును ఆపుతుంది గానీ గాలిలో వచ్చే శబ్దాన్ని అంతగా ఆపదు కదా. వెనక కార్పెట్ ఎత్తి క్లోజ్డ్ సెల్ ఫోమ్ (నీరు పీల్చని, మూసుకున్న గాలి గదులుండే ఫోమ్), దానిపై బరువైన వినైల్ షీట్ పరిస్తే ఈ హోరు వినిపించేంతగా తగ్గుతుందా? చేసి చూసినవారు దయచేసి చెప్పగలరా?