విశ్వాసం ఇంటి గుమ్మం లోపలే ఉండాలా? విజయనగరం నుంచి ఒక ప్రశ్న

నాగావళి (చర్చ మొదలుపెట్టినవారు):
అందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళం అమ్మాయిని, విజయనగరంలో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ చూస్తాను. మా ఆఫీసులో దసరాకి ఆయుధ పూజ చేస్తారు. కంప్యూటర్లకు బొట్లు పెడతారు, గుమ్మం దగ్గర గుమ్మడికాయ కొడతారు. నా సిస్టంకీ బొట్టు పెడతారు, నేనేమీ అనను. సిరిమాను ఊరేగినప్పుడు జనం మధ్యలో నిలబడి చూసినదాన్నే. ఇవేవీ నాకు బాధ కాదు.

నేను క్రైస్తవురాలిని. జనవరిలో మా చర్చి సంఘంలో ఇచ్చిన బైబిలు వాగ్దాన వాక్యం క్యాలెండర్ నా బల్ల మీద పెట్టుకున్నాను. అరచెయ్యంత ఉంటుంది. మూడో రోజు మేనేజరు గారు పిలిచి, "అమ్మా, ఆఫీసులో మతం వద్దు, అది ఇంట్లో పెట్టుకో" అన్నారు. కోపంగా కాదు, మర్యాదగానే చెప్పారు. తీసి బ్యాగులో పెట్టుకున్నాను. ఆయన సీటు వెనక గోడకి దేవుడి పటం ఉంది, దానికి రోజూ బంతిపూల దండ మారుస్తారు. ఆ పటం తీసెయ్యమని నేను అడగను. ఎప్పటికీ అడగను. కానీ అది సంప్రదాయం, నాది మతం ఎలా అయ్యిందో చెప్పండి.

రణస్థలం:
ఏటండీ, అరచెయ్యంత క్యాలెండర్‌తో ఎవరికీ గొడవ లేదు. మా గొడవ వేరు. మా వీధిలో ఆదివారం తెల్లారకముందే రెండు బాక్సులు పెట్టి పాటలు మొదలెడతారు. నైట్ డ్యూటీ చేసొచ్చినోడికి నిద్దరుండదు. ఇంకోటి. మా నాన్నకి గుండె ఆపరేషన్ అయినప్పుడు ఇద్దరు కరపత్రాలు పట్టుకుని వార్డులోకి వచ్చేసి, "నమ్మితే లేచి నడుస్తారు" అన్నారు. మా అమ్మ ఆ రాత్రంతా ఏడుస్తూనే ఉంది, నమ్మలేదు కాబట్టి ఆయన లేవరేమో అని. ఇది విశ్వాసమా? భయపెట్టడమా?

గజపతినగరం మాస్టారు:
అమ్మాయ్, నేను రిటైరైన తెలుగు పంతుల్ని. మిషన్ స్కూల్లో చదువుకున్నాను, బైబిలు నాకు కొత్త కాదు. ప్రార్థన చేసేటప్పుడు గదిలోకి వెళ్లి తలుపేసుకోమని మత్తయి ఆరో అధ్యాయంలో యేసే చెప్పాడు కదా. మరి నలుగురిలో చూపించుకోవాలన్న తపన ఎందుకు? మతం మనసులోది. అక్కడుంటేనే అందం.

శ్రీకాకుళం వకీలు:
చట్టం సంగతి చెప్తాను. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని చాటుకోవడానికి, ఆచరించడానికి, ప్రచారం చేసుకోవడానికి హక్కిచ్చింది. శాంతిభద్రతలకు, నైతికతకు, ఆరోగ్యానికి లోబడి. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో ఆ "ప్రచారం" అన్న మాట తీసెయ్యాలని కొందరు పట్టుబట్టారు. కె.ఎం. మున్షీ లాంటివాళ్లు ఉండాలన్నారు, ఉంది. అయితే 1977లో స్టానిస్లాస్ కేసులో, ప్రచారం చేసే హక్కంటే ఎదుటివాణ్ణి మతం మార్చే హక్కు కాదని సుప్రీంకోర్టు తేల్చింది. సరిహద్దు దాటితే ఒడిశాలో 1967 నుంచి మతమార్పిడి మీద చట్టం ఉంది, మన దగ్గర లేదు.

బాక్సుల మాటకొస్తే, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా లౌడ్‌స్పీకర్ వెయ్యకూడదు. అదే ఏడాది చెన్నై చర్చి ఒకటి సుప్రీంకోర్టుకి వెళ్తే, పక్కవాడి ప్రశాంతత చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పలేదంది కోర్టు. గుడి మైకుకీ మసీదు మైకుకీ అదే వర్తిస్తుంది.

నాగావళి గారూ, మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. 25వ అధికరణం ప్రభుత్వాన్ని కట్టడి చేస్తుంది. ప్రైవేటు సంస్థ మీద ఆ పేరుతో నేరుగా కేసు వెయ్యలేరు.

నాగావళి:
కేసు వెయ్యాలని నాకు లేదు వకీలు గారూ. నన్ను ఎలా చూస్తున్నారన్నదే నా ప్రశ్న.

రణస్థలం అన్నయ్యా, మీ అమ్మగారి సంగతి చదివి చాలాసేపు ఏం రాయాలో తోచలేదు. అది తప్పు. మంచం మీదున్నవాళ్ల దగ్గరికి పిలవకుండా వెళ్లి అలా చెప్పడం నా విశ్వాసానికే అన్యాయం. బాక్సుల విషయంలోనూ మీదే న్యాయం. నేను చర్చికి వెళ్లేదాన్నే కాబట్టి ఈ మాట నేనే ముందు చెప్పాలి.

మాస్టారూ, ఆ తలుపేసుకోమన్న మాట వీధి మూలల్లో నిలబడి జనం చూడాలని ప్రార్థించేవాళ్ల గురించి. దానికి ముందు అధ్యాయంలోనే, దీపం వెలిగించి ఎవరూ కుంచం కింద పెట్టరని ఉంది. మా అమ్మమ్మ ఇంట్లో ధాన్యం కొలిచే ఇత్తడి కుంచం ఉండేది. చిన్నప్పుడు సండే స్కూల్లో ఆ మాట విని, ఇంటికెళ్లి వెలుగుతున్న కొవ్వొత్తి మీద దాన్ని బోర్లించాను. కాసేపటికి తీసి చూస్తే పొగ వాసన, మసి. అంతే. ఇంట్లో నమ్ము, బయట నోరు మూసుకో అంటే నాకు ఆ మసే గుర్తొస్తుంది.

రణస్థలం:
మాట ఒప్పుకున్నందుకు సంతోషం చెల్లెమ్మా. కానీ మీవాళ్లలో సగం మంది దాస్తున్నది భయంతో కాదు. ఆదివారం చర్చి, సోమవారం ఎస్సీ సర్టిఫికెట్. నమ్మకం అంత గొప్పదైతే కాగితం మీద రాయొచ్చు కదా? పాస్టర్లకు ప్రభుత్వం నెలకు 5,000 ఇస్తే తీసుకోలేదా?

నాగావళి:
ఆ ప్రశ్న ఎవరో అడుగుతారని తెలుసు. మా ఇంటి కథే చెప్తాను.

మా నాన్న జూట్ మిల్లులో పనిచేసేవారు. నా ఇంటర్ అయ్యాక కుల ధ్రువీకరణ కోసం ఒక కార్యాలయానికి వెళ్లాం. గుమాస్తా మంచివాడే. "హిందూ అని రాసెయ్ మావా, అందరూ రాసేది అదే" అన్నాడు. నాన్న పెన్ను ఆపారు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకుని "క్రైస్తవం" అని రాశారు, అక్షరం అక్షరం విడిగా. బస్టాండు దాకా మా అమ్మ ఆయనతో మాట్లాడలేదు.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవులకు లేదు. మన రాష్ట్రంలో ఎస్సీ కులాల నుంచి క్రైస్తవంలోకి వచ్చిన మేం బీసీ-సీ, కోటా 1 శాతం. ఎస్సీకి 15. నాకు ఇంజనీరింగ్ సీటు రాలేదు, బీకాం చదివాను. ఊళ్లో మా బావి వేరు, మా వీధి వేరు అన్నది మాత్రం బాప్తిస్మంతో మారలేదు. పెళ్లి భోజనాల్లో మా పంక్తి చివరే. సీతంపేట కొండల మీద సవర క్రైస్తవుడికి ఎస్టీ హోదా పోదు, ఎందుకంటే ఎస్టీకి మతంతో పని లేదు. మాకే ఉంది.

దాచుకునేవాళ్లను నేను సమర్థించను అన్నయ్యా. కానీ నిజం రాసిన మా నాన్నకి ఈ దేశం ఏమిచ్చిందో చూసి, పక్కింటివాళ్లు దాచుకోవడం నేర్చుకున్నారు. ఒక పక్క పేరు చెప్తే హోదా పోతుంది. ఇంకో పక్క చెప్పకపోతే దొంగ అంటారు. ఆఫీసులో చెప్తే మతం వద్దంటారు. మేం ఎక్కడ నిలబడాలి?

పాస్టర్లకు గౌరవ వేతనం నాకూ ఇష్టం లేదు. సంఘం కానుకల మీద బతకాల్సిన సేవకుడు సర్కారు జీతం తీసుకుంటే రేపు సర్కారును ప్రశ్నించలేడు.

గజపతినగరం మాస్టారు:
అమ్మాయ్, మీ నాన్నగారి పెన్ను ఆగిన చోట నేనూ ఆగిపోయాను. నేను ముందు రాసిందాంట్లో తొందరపాటు ఉంది. ఎవరో ఇది విదేశీ మతమంటారేమోనని ఇంకో ముక్క చెప్తాను. లండన్ మిషన్ వాళ్లు విశాఖపట్నంలో దిగింది 1805లో. ఇక్కడి విశ్వాసులు పాడుకున్న పాటలు మాత్రం వాళ్లు రాసినవి కావు. గంజాం సీమ నుంచి వచ్చిన పురుషోత్తమ చౌదరి (1803-1890) మన రాగాల్లో, మన తాళాల్లో కీర్తనలు కట్టాడు. తెలుగు పాఠం చెప్పినవాణ్ణి, ఆ సాహిత్యం పరాయిదని నేను అనలేను.

శ్రీకాకుళం వకీలు:
దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని మన అసెంబ్లీ 2023 మార్చిలో తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. తీర్మానంతో ఉత్తర్వు మారదు, పార్లమెంటే మార్చాలి.

మరో కేసు గుర్తుచేస్తాను. 1985లో కేరళలో యెహోవాసాక్షులనే క్రైస్తవ శాఖ వాళ్ల పిల్లలు ముగ్గురు జనగణమనకి లేచి నిలబడ్డారు, పాడలేదు. బడి నుంచి పంపేశారు. 1986లో సుప్రీంకోర్టు వాళ్లను మళ్లీ చేర్చుకోమంది. మన సంప్రదాయం సహనం నేర్పుతుంది, దాన్ని పలచన చెయ్యొద్దని ఆ తీర్పులో రాసింది మన తెలుగాయనే, జస్టిస్ ఒ. చిన్నప్పరెడ్డి. ఇంతకీ ఆ క్యాలెండర్ ఎక్కడుందమ్మా?

నాగావళి:
బ్యాగులోనే ఉందండీ. అంచులు నలిగాయి. సోమవారం మేనేజరు గారి దగ్గరికి వెళ్లి, పటం ఉండనివ్వండి, నా క్యాలెండరూ ఉండనివ్వండి అని అడుగుతాను. కాదంటే మళ్లీ బ్యాగులో పెట్టుకుంటాను గానీ, అడగకుండా మాత్రం ఉండను.

రణస్థలం అన్నయ్యా, మీ వీధి చర్చి ఏదో నాకు విడిగా చెప్పండి. వచ్చే ఆదివారం అక్కడికే వచ్చి, ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారితో బాక్సుల గురించి నేనే మాట్లాడతాను.

రణస్థలం:
చెప్తాను చెల్లెమ్మా. నేనూ వస్తాను, ఇద్దరం కలిసే అడుగుదాం.