తమ్ముడి చేతికి రెండు ప్లేట్లు: స్టీలా, టైటానియమా? రేపు పొద్దునే ఆపరేషన్

కాణిపాకం రోడ్డు (రాత్రి 9:40)

ఎవరైనా మేలుకొని ఉంటే కొంచెం చెప్పండి. మాది చిత్తూరు పక్కన పల్లె. మా తమ్ముడికి 27 ఏళ్లు, పాలవ్యాను తోలతాడు. నిన్న సాయంత్రం బైకులో ఇంటికొస్తా ఉంటే కుక్క అడ్డమొచ్చింది. కుడిచెయ్యి ఆనించి పడినాడు. మోచేతికీ మణికట్టుకీ మధ్యలో రెండు ఎముకలూ విరిగినాయి. ఎక్స్‌రేలో చూస్తే ముక్కలు పక్కపక్కకి జరిగి ఉండాయి. చర్మం మాత్రం తెగలేదు. తిరుపతిలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చినాం, పేరు వద్దులే.

రేపు ఏడున్నరకి థియేటర్‌కి తీసుకుపోతారంట. ఇప్పుడు రాత్రి ఎనిమిదింటికి ఒకాయన వచ్చి "స్టీలు ప్లేట్లా, టైటానియమా? టైటానియం అయితే 14 వేలు ఎక్కువ, లాకింగ్ కూడా వస్తుంది, పొద్దునకి చెప్పండి" అనేసి పోయినాడు. మా నాయనేమో "ఇనుము ఎందుకురా, పుత్తూరుకి పోయి నాటుకట్టు కట్టిద్దాం పదండి" అని మంచం కాడ కూర్చోనుండాడు. అమ్మ ఏడుస్తా ఉండాది. నాకు ఇంటర్‌లో చదివిన ఫిజిక్స్ తప్ప ఏమీ తెలీదు. రెండు ఎముకలకి 12 స్క్రూలంట, అన్ని ఎందుకు? కట్టు కడితే సరిపోదా?

మామిడితోట (రాత్రి 9:58)

మీ నాయన చెప్పిందే కరెక్టు. మా తాతకి కాలు విరిగితే పుత్తూరు కట్టుతోనే నడిచినాడు, 80 ఏళ్ల దాకా తోటలో తిరిగినాడు. గుడ్డు తెల్లసొన, ఆకుపసరు, వెదురు బద్దలు, గుడ్డ, అంతే. ఆస్పత్రుల వాళ్లు కొయ్యడానికే చూస్తారు.

థియేటర్ సిస్టర్ (రాత్రి 10:25)

కాణిపాకం రోడ్డు నాయనా, నేను తిరుపతిలోనే ఎముకల థియేటర్‌లో 22 ఏళ్లు ట్రే పట్టినాను. డాక్టరుని కాదు. మీ తమ్ముడి ఎక్స్‌రే నేను చూడలేదు, కాబట్టి మీ సర్జన్ మాటే ఆఖరు మాట. నాకు తెలిసింది చెప్తా.

ముందు కట్టు సంగతి. మామిడితోట గారూ, ఎముకని అతికించేది ఎముకే. ప్లేటు గానీ, పిండికట్టు గానీ, వెదురు బద్ద గానీ దాన్ని కదలకుండా పట్టుకునేవే. పక్కకి జరగని చీలిక, చిన్నపిల్లల ఎముక పచ్చికొమ్మ మాదిరి సగమే విరిగేది, ఇట్లాంటివి బయటినుంచి పట్టుకున్నా అతుక్కుంటాయి. ముంజెయ్యి లెక్క వేరే. అక్కడ రెండు ఎముకలు: రేడియస్, అల్నా. రేడియస్ తిన్నగా ఉండదు, విల్లు మాదిరి వంగి ఉంటుంది. ఆ వంపుతోనే అది అల్నా చుట్టూ తిరుగుతుంది, అప్పుడే నీ అరచెయ్యి పైకీ కిందికీ తిరుగుతుంది. ఒకసారి గుళ్లో తీర్థం పట్టినట్టు కుడిచెయ్యి పెట్టి చూడు. ఇప్పుడు బోర్లించు. ఆ తిరుగుడు మొత్తం ఆ వంపు పుణ్యమే. పెద్దవాళ్లలో రెండూ విరిగి జరిగితే బయటి కట్టు ఆ వంపుని నిలబెట్టలేదు, కండరాలు లాగేస్తాయి. ఎముక అతుక్కుంటుంది, కానీ వంకరగా. తర్వాత తీర్థం పట్టలేడు, తాళం తిప్పలేడు, చిల్లర చేతిలో వేయించుకోలేడు. అందుకే ఇట్లాంటివాటికి తెరిచి ప్లేటు వేస్తారు.

12 స్క్రూలు ఎందుకంటావా? ఎముక వెదురు బొంగు లాంటిది, చుట్టూ గట్టి గోడ, లోపల మూలుగ. ఒక్కో స్క్రూ ఈ గోడనీ అవతలి గోడనీ రెండింటినీ పట్టాల. విరిగిన చోటికి ఇటు మూడు, అటు మూడు వేస్తే ఇటు ఆరు పట్లు, అటు ఆరు పట్లు. ఒక ఎముకకి ఆరు స్క్రూలు, రెండింటికి పన్నెండు. లెక్క సరిపోయింది కదా.

ఆ స్క్రూలు మందంలో మూడున్నర మిల్లీమీటర్లు. ముందు 2.5 మిల్లీమీటర్ల బిట్టుతో బెజ్జం వేస్తారు. వేస్తా ఉన్నంతసేపూ పక్కన ఒకరు సెలైన్ పోస్తా ఉండాల. వేడి ఎక్కితే బెజ్జం చుట్టూ ఎముక చచ్చిపోతుంది, స్క్రూ వదులవుతుంది. తర్వాత డెప్త్ గేజ్ అని చివర కొక్కెం ఉండే సన్నటి పుల్ల దూర్చి అవతలి గోడకి తగిలించి లోతు కొలుస్తారు. సర్ "పదహారు" అంటారు, నేను ట్రేలోంచి పదహారు తీసి ఇస్తాను. పద్నాలుగు ఇచ్చినానంటే అవతలి గోడకి అందదు. ఇరవై ఇచ్చినానంటే మొన కండలోకి పొడుచుకుంటుంది. 22 ఏళ్లలో నా పని సగం ఆ అంకెలు సరిగ్గా వినడమే.

ఇప్పుడు నీ 14 వేలు. మామూలు కంప్రెషన్ ప్లేటులో బెజ్జాలు గుండ్రంగా ఉండవు, కోడిగుడ్డు ఆకారంలో సాగి, లోపల ఏటవాలుగా ఉంటాయి. స్క్రూని ఒక అంచుకి వేస్తే బిగించేకొద్దీ దాని తల ఆ వాలు మీద జారి, ఎముక ముక్కని అవతలి ముక్క వైపు నెడుతుంది. రెండూ ఒకదాన్నొకటి ఒత్తుకుంటాయి. లాకింగ్ ప్లేటులో స్క్రూ తలకి కూడా మరలుంటాయి, అది ప్లేటుకే బిగుసుకుంటుంది. ముసలివాళ్ల బోలు ఎముకల్లో, కీలు పక్కన చిన్న ముక్కలయినప్పుడు అది నిజంగా ప్రాణం కాపాడినంత పని చేస్తుంది. 27 ఏళ్ల పాలవ్యాను డ్రైవరు ఎముక గట్టిగా ఉంటుంది. నడి ఎముక రెండు ముక్కలుగా విరిగింది అంటే, మామూలు స్టీలు కంప్రెషన్ ప్లేటు ఎన్నో ఏళ్లుగా చేస్తా ఉన్న పనే. చిన్న చిన్న తునకలు ఎక్కువుంటే సర్ లాకింగ్ అడగొచ్చు. ఆ మాట సర్ నోటితోనే విను, బిల్లు పుస్తకంతో వచ్చినాయన నోటితో కాదు.

స్టీలు అంటే వంటింటి స్టీలు కాదు, 316ఎల్ అంటారు. క్రోమియం, నికెల్, మాలిబ్డినం కలిపి, కార్బన్ బాగా తగ్గించింది. ఒంట్లో ఉప్పునీళ్లకి తుప్పు పట్టదు. మీ తమ్ముడికి వాచీ పట్టీకో, బెల్టు బకిల్‌కో చర్మం దురద పెట్టి దద్దుర్లు వచ్చే అలవాటుందా? ఉంటే నికెల్ పడదేమో, తప్పకుండా సర్‌కి చెప్పు. అప్పుడు టైటానియమే మేలు. అది తేలిక, స్టీలులో దాదాపు సగమే బిరుసు, ఎంఆర్ఐలో నీడలు తక్కువ పడతాయి. కానీ ఎవరూ చెప్పని మాట ఒకటుంది: తీసేటప్పుడు టైటానియం ఏడిపిస్తుంది. ఎముక దాన్ని అంటుకొని పెరుగుతుంది, లాకింగ్ స్క్రూ తల ప్లేటులో ఇరుక్కుపోతుంది.

డబ్బుల సంగతి: రైస్ కార్డు ఉంటే, ఆస్పత్రి ఎన్టీఆర్ వైద్యసేవ లిస్టులో ఉందేమో చూడు. మనం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే అంటాంలే. కింద ఆరోగ్యమిత్ర కౌంటర్ ఉంటుంది, పొద్దున్నే కార్డు, ఆధార్ పట్టుకొని అక్కడికి పో. గుండె స్టెంట్లకీ, మోకాలి మార్పిడి ఇంప్లాంట్లకీ 2017లో కేంద్రం గరిష్ఠ ధర కట్టింది. ప్లేట్లకి అట్లాంటి గీత లేదు. కాబట్టి కంపెనీ పేరు, సైజు, ఎంఆర్‌పి విడివిడిగా రాసిన బిల్లు అడుగు.

అన్నిటికంటే ముఖ్యం, ఈ రాత్రికే. గంటకోసారి తమ్ముడి వేళ్లు చూడు. చల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, లేదా నువ్వు మెల్లగా వేళ్లు చాపితే ప్రాణం పోయేంత నొప్పన్నా, చెయ్యి రాయి మాదిరి బిగిసినా, పొద్దున దాకా ఆగొద్దు. డ్యూటీ సిస్టర్‌ని లేపు. ఆమె విసుక్కుంటే విసుక్కోనీ.

లేతు మిషన్ (రాత్రి 10:51)

సిస్టర్ అంతా చెప్పేసినారు, నా పాపం కూడా చెప్పుకుంటా. చిత్తూరులో లేత్ షాపు నాది. ఆరేళ్ల కిందట మోకాలి కింద ఎముకకి స్టీలు ప్లేటు వేసినారు. బరువు మోపొద్దు, బీడీ మానుకో అన్నారు. నేను ఆరో వారానికే షాపులో నిలబడినా, ఒకరోజు నీళ్ల మోటరు కూడా ఎత్తినా. బీడీ కట్ట మామూలే. నాలుగో నెలలో ప్లేటు పుటుక్కున ఇరిగింది, సరిగ్గా బెజ్జం కాడ.

ఆ ముక్కలు అడిగి తెచ్చుకున్నా, ఇంకా సొరుగులో ఉండాయి. ఇరిగిన చోట లెన్సు పెట్టి చూస్తే, ఎండాకాలం చెరువులో నీళ్లు తగ్గేకొద్దీ గట్టు మీద గీతలు పడతాయే, అచ్చం అట్లే గీతలు. ఒక్క దెబ్బకి ఇరిగింది కాదు. తీగని అటూ ఇటూ వంచుతా పోతే తెగుతుంది చూడు, అదే ఫెటీగ్. రోజూ వేల అడుగులు, అడుగుకోసారి రవ్వంత వంపు. ఎముక ముందు అతుక్కుంటే బరువు అది మోస్తుంది, ప్లేటుకి సెలవు. ఎముక ఆలస్యమయితే ఎంత మంచి ప్లేటయినా ఒకరోజు తెగాల్సిందే. పొగ తాగేవాళ్లకి ఎముక ఆలస్యంగా అతుకుతుందని నాకు తర్వాత తెలిసింది. రెండోసారి తుంటి ఎముక నుంచి గుజ్జు తీసి పెట్టి, కొత్త ప్లేటు వేసినారు. అందుకే టైటానియమా స్టీలా అని అడిగే ముందు తమ్ముడు సిగరెట్ తాగుతాడా అని అడుగు.

ఇంకొకటి, అప్పుడు మంచంలో పడుకొని చదివినా: 1886లో హాంబర్గ్‌లో హాన్స్‌మన్ అనే డాక్టరు ఎముకకి ప్లేటు బిగించినప్పుడు స్క్రూల చివరలు చర్మం బయటికే వదిలేసినాడంట, తర్వాత తీసుకునే సులువు కోసం. 1958లో స్విట్జర్లాండ్ సర్జన్లు కొందరు కూడి ఏఓ అని గ్రూపు పెట్టుకొని పనిముట్లకి, పద్ధతికి ఒక కొలత తెచ్చినారు. సిస్టర్ చెప్పిన మూడున్నర, రెండున్నర లెక్కలు అట్లా వచ్చినవే. నాలాంటి లేతోడికి అది చదివితే గర్వమే.

కాణిపాకం రోడ్డు (రాత్రి 11:20)

అమ్మా, అన్నా, దండాలు. వేళ్లు వెచ్చగానే ఉండాయి, కదిలిస్తా ఉండాడు. సిగరెట్ లేదంటాడు, నాయన ముందర ఇంకేం చెప్తాడు. తీర్థం సంగతి నాయనకి చెయ్యి తిప్పి చూపించినా. చాలాసేపు తన చెయ్యే తిప్పుకొని చూసుకున్నాడు, ఇంక పుత్తూరు మాట ఎత్తలేదు. ఇంకో రెండు డౌట్లు: ప్లేట్లు మళ్లీ తీయించాలా? కొండకి పోతే అలిపిరి కాడ మిషన్ కూస్తుందా?

మెట్లదారి (రాత్రి 11:34)

రెండోదానికి నేను చెప్తా. కాలర్ బోన్‌లో ప్లేటు, పదకొండేళ్లయింది. అలిపిరి మెట్లు 3,550, ఏటా ఎక్కుతా. ఒక్కసారి చేతిలో పట్టుకునే మిషన్ కుయ్యిమంది. చొక్కా గుండీ తీసి మచ్చ చూపించినా, పో స్వామీ అన్నారు. ఎక్స్‌రే ఫోటో ఫోన్‌లో పెట్టుకోమను, చాలు.

థియేటర్ సిస్టర్ (రాత్రి 11:41)

తీయించేది తొందర లేదు. నొప్పి, చీము, చర్మం కింద పొడుచుకొని ఇబ్బంది, ఇవేమీ లేకపోతే చాలామందికి అట్లే వదిలేస్తారు. ముంజేతిలో తీయాలన్నా ఏడాదిన్నర, రెండేళ్లకి ముందు తీయరు. తీసినాక ఆ బెజ్జాలు ఖాళీగా ఉంటాయి కదా, అక్కడే మళ్లీ విరిగే భయం, కొన్ని నెలలు జాగ్రత్త పడాల.

కానీ కాగితాలు దాచుకో. ఒకసారి తొమ్మిదేళ్ల కిందటి ప్లేటుతో ఒకాయన వచ్చినాడు, వేరే రాష్ట్రంలో వేయించుకున్నాడు. ఏ కంపెనీదో కాగితం లేదు. స్క్రూ తలలో ఆరుపలకల బెజ్జమా, నక్షత్రం ఆకారమా, ఏ సైజు డ్రైవరో తెలీదు. మా దగ్గరున్నవన్నీ పెట్టి చూసినాం, రెండు తలలు అరిగిపోయి తిరగడం మానేసినాయి. చివరికి కోసి తీసినారు. అరగంట పని మూడు గంటలయింది, నా కాళ్లు రెండు రోజులు లాగినాయి. మన లేతు మిషన్ తమ్ముడికి అర్థమవుతుంది, అలెన్ కీ సైజు తప్పితే ఏమవుతుందో. డిశ్చార్జి రోజు ఆపరేషన్ నోట్సు కాపీ, ప్లేటు కంపెనీ, లాట్ నంబరు, స్టిక్కర్లుంటే అవి కూడా అడిగి తీసుకో.

కాణిపాకం రోడ్డు (అయిదు నెలల తర్వాత)

ఈ పాత చర్చ మళ్లీ పైకి లాగుతున్నందుకు క్షమించండి. పొద్దున సర్‌నే అడిగినా ఆ రోజు. ఎక్స్‌రే వెలుతురుకి పట్టి చూసి "స్టీలు చాలు" అన్నారు. కౌంటర్‌లో కార్డు పనిచేసింది. ఏడు బెజ్జాల ప్లేటు ఒకటి, ఆరువి ఒకటి, విరుపు మీదకొచ్చిన బెజ్జం ఒకటి ఖాళీ వదిలేసినారంట, స్క్రూలు పన్నెండే. నోట్సు జిరాక్స్ బీరువాలో ఉండాది, పైన నాయనే "ఇనప సామాను" అని రాసిపెట్టినాడు.

మొదటి నెల మా వాడు చెయ్యి తిప్పమంటే తిట్టేవాడు. ఫిజియో ఆయన సుత్తి ఒకటి చేతికిచ్చి, తల పైకి పెట్టి అటూ ఇటూ వాల్చమన్నాడు, ఆ బరువుకి అరచెయ్యి తిరిగేది. మొన్న శనివారం గుళ్లో తీర్థం పట్టినాడు. నాలుగు చుక్కలు సందులోంచి కారినాయి. నాయన పూజారి వైపు కాదు, వాడి చెయ్యి వైపే చూస్తా ఉన్నాడు.

వ్యాను తోలతా ఉండాడు. ఇప్పుడు 40 లీటర్ల క్యాన్లు ఎత్తుతానంటాడు అమ్మా. ఎత్తనిద్దామా?

థియేటర్ సిస్టర్

కొత్త ఎక్స్‌రే తీయించినారా? గీత పూర్తిగా మూసుకుందని సర్ నోటితో అన్నారా? ఆ రెండూ అయ్యేదాకా క్యాన్లు నువ్వెత్తు నాయనా.