వేసవి గణిత పరిశోధనకు ఎన్నిచోట్ల అప్లై చేయాలి: ఇరవై చోట్లా, ఆరు చోట్లా?

లెమ్మా:
అమెరికాలో బ్యాచిలర్స్ స్థాయిలో గణితం చదివేవాళ్ళు ఆర్‌ఈయూలకు (రీసెర్చ్ ఎక్స్‌పీరియన్సెస్ ఫర్ అండర్‌గ్రాడ్యుయేట్స్, అంటే వేసవి పరిశోధన ప్రోగ్రాములకు) అప్లికేషన్లు సిద్ధం చేసుకునే సమయం ఇది. అమెరికా ప్రభుత్వ సైన్స్ నిధుల సంస్థ ఎన్‌ఎస్‌ఎఫ్ డబ్బుతో 1987 నుంచి నడుస్తున్న ప్రోగ్రాములివి. మామూలుగా 8 నుంచి 10 వారాలు, ఒక్కో చోట ఓ పదిమంది, స్టైపెండ్ ఉంటుంది. ఆ పది సీట్లకు అప్లికేషన్లు వందల్లో వస్తాయి. అందుకే కనీసం 20 చోట్ల పెట్టాలంటాను. ఒక్కో చోట వచ్చే అవకాశం 5 శాతమే అనుకుందాం. 20 చోట్లా రాకుండా పోయే అవకాశం 0.95కి 20వ ఘాతం, అంటే సుమారు 0.36. ఎక్కడో ఒకచోట రావడానికి 64 శాతం. 8 చోట్లే పెడితే అది 34 శాతం. ట్రాన్స్‌క్రిప్ట్ ఎలాగూ ఒకటే. మరి తక్కువ పెట్టమనేవాళ్ళ వాదనేంటి?

శేషం:
లెమ్మా గారూ, ఆ గుణకారం చెల్లాలంటే 20 ఫలితాలకూ ఒకదానితో ఒకటి సంబంధం ఉండకూడదు. ఇక్కడ అన్నిచోట్లకీ వెళ్ళేది అదే ట్రాన్స్‌క్రిప్ట్, అవే రెండు రెకమెండేషన్ లెటర్లు. లెటర్ చప్పగా ఉంటే 20 చోట్లా చప్పగానే ఉంటుంది.

ఇలా లెక్కవేసి చూడండి. అప్లికేషన్ ఫైలు బలంగా ఉంటే ఒక్కో చోట 10 శాతం, బలహీనంగా ఉంటే అన్నిచోట్లా సున్నా. రెండింటికీ సగం సగం అవకాశం. సగటు మీరన్న 5 శాతమే. కానీ 20 చోట్ల పెడితే ఇప్పుడు వచ్చేది 64 కాదు, 44 శాతం. 200 చోట్ల పెట్టినా 50 దాటదు. నవంబర్, డిసెంబర్ నెలల్లో ఉన్న సమయమంతా ఫైలును బలహీనం వైపు నుంచి బలం వైపుకు తేవడానికి పెట్టాలి. ఆ పని చేస్తూ 6 నుంచి 8 అప్లికేషన్లకు మించి శ్రద్ధగా రాయడం కష్టం.

అంచు_శీర్షం:
శేషం గారి మాటకు నా ఓటు. ఫైలులో అన్నిటికంటే బరువైనది లెటర్. పెద్ద పేరున్న ప్రొఫెసర్ దగ్గర 150 మంది క్లాసులో 'A' గ్రేడ్ తెచ్చుకుని లెటర్ అడిగితే, గ్రేడ్ తప్ప ఆయన రాయగలిగేది ఏముంటుంది? అది ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఎలాగూ ఉంది. 15 మంది ఉన్న ఆల్జీబ్రా క్లాసు చెప్పిన, పెద్దగా పేరులేని మేడమ్ "సిలో సిద్ధాంతం రుజువులో ఒక మెట్టు ఎందుకు అవసరమో రెండుసార్లు ఆఫీసుకొచ్చి అడిగింది, మూడోసారి తానే వివరించింది" అని రాస్తే ఎంపిక చేసేవాళ్ళు ఆ వాక్యం దగ్గర ఆగుతారు.

అడిగే పద్ధతి కూడా ముఖ్యం. సెమిస్టర్ ముగియకముందే, గడువుకు కనీసం నాలుగు వారాల ముందు అడగండి. చాలా గడువులు జనవరి చివర, ఫిబ్రవరిలో పడతాయి. సెలవుల్లో ప్రొఫెసర్లు దొరకరు. ఒక పేజీలో మీ ప్రోగ్రాముల పేర్లు, గడువులు తేదీల వరుసలో ఇవ్వండి, వాళ్ళ క్లాసులో మీరు చేసిన ఒక ప్రాజెక్టునో హోంవర్క్ లెక్కనో గుర్తుచేయండి, మీ ఆసక్తి గురించి అప్లికేషన్‌లో రాసే స్టేట్‌మెంట్ చిత్తుప్రతి జతచేయండి. గడువుకు వారం ముందు ఒక్కసారి గుర్తుచేస్తే తప్పు లేదు.

లెమ్మా:
లెటర్ విషయం ఒప్పుకుంటాను. కానీ ఫైలు అన్నిచోట్లా ఒకేలా తూగుతుందన్నది మాత్రం ఒప్పుకోను. ప్రోగ్రాములు వెతికేది ఒకటే కాదు కదా. ఎన్‌ఎస్‌ఎఫ్ ఆర్‌ఈయూల కంటే ముందే, 1977లో జోసెఫ్ గాలియన్ మొదలుపెట్టిన మిన్నెసోటాలోని డులుత్ ప్రోగ్రాము కాంబినటోరిక్స్ (లెక్కింపులు, అమరికల గణితం) వైపు మొగ్గుతుంది. విలియమ్స్ కాలేజీ వాళ్ళ 'స్మాల్' ప్రోగ్రాములో వేర్వేరు అంశాల మీద గ్రూపులుంటాయి. డేటా, మోడలింగ్ వైపువాళ్ళు పైథాన్ వచ్చా అని చూస్తారు. పైగా ఎన్‌ఎస్‌ఎఫ్ సైట్లు (అంటే ఈ ప్రోగ్రాములు నడిపే చోట్లు) తమ క్యాంపస్ బయటివాళ్ళను తగినంతమందిని తీసుకోవాలి, పరిశోధన అవకాశాలు తక్కువున్న కాలేజీల విద్యార్థులకు చోటివ్వాలి. చిన్న కాలేజీ విద్యార్థి ఆరు పేరుమోసిన చోట్లే అప్లై చేసి ఆగిపోవడం నష్టమే.

శేషం:
రకరకాల చోట్ల పెట్టమనడం న్యాయమే. అయితే ప్రతి రకానికీ స్టేట్‌మెంట్ వేరుగా రాయాలి, చిక్కంతా అక్కడే. 20 చోట్లకు ఒకే పేజీ అతికించేవాళ్ళు చేసే మొదటి తప్పు, పాత ప్రోగ్రాము పేరు అలాగే వదిలేయడం. రెండోది ఇంకా చేటు. "నంబర్ థియరీ అంటే నాకు చిన్నప్పటి నుంచి ప్రాణం" అని రాస్తారు. దాని బదులు ఇలా రాయొచ్చు: "క్వాడ్రాటిక్ రెసిప్రాసిటీకి గౌస్ సమ్‌లతో చేసే రుజువు చదివాను. క్యూబిక్‌కి వచ్చేసరికి మామూలు పూర్ణాంకాలు చాలక ఐసెన్‌స్టీన్ పూర్ణాంకాల్లోకి ఎందుకు వెళ్ళాలో ఇప్పుడు చదువుతున్నాను." ఇది రాయాలంటే నిజంగా చదివి ఉండాలి. ఏం తెలుసో, ఎక్కడ ఆగారో రెండూ అందులో కనిపిస్తాయి.

కోర్సుల జాబితాలో కూడా "రియల్ అనాలిసిస్" అని ఊరుకోవద్దు. ఏ పుస్తకం, ఏ అధ్యాయం దాకా అన్నది రాయండి. ఒక కాలేజీలో ఆ పేరుతో మెట్రిక్ స్పేస్‌లు చెబుతారు, మరోచోట ఎప్సిలాన్-డెల్టాతోనే సెమిస్టర్ అయిపోతుంది.

సున్నా_సమితి:
ఎన్ని అని లెక్కపెట్టేముందు అర్హత చూసుకోండి. ఎన్‌ఎస్‌ఎఫ్ స్టైపెండ్ అమెరికా పౌరులకు, నేషనల్స్‌కు, పర్మనెంట్ రెసిడెంట్లకే. ఎఫ్-1 వీసా మీదున్నవాళ్ళు వేరే నిధులున్న సైట్లను వెతకాలి, లేదా 2020లో మొదలైన ఆన్‌లైన్ పరిశోధన ప్రోగ్రాము పాలీమ్యాథ్ జూనియర్ లాంటివి చూడాలి. మే నెలలో డిగ్రీ చేతికొచ్చేవాళ్ళు మామూలుగా ఆ వేసవికి అర్హులు కారు. క్వార్టర్ పద్ధతి యూనివర్సిటీల్లో పరీక్షలు జూన్ మధ్య దాకా సాగుతాయి, కొన్ని సైట్లు జూన్ మొదట్లోనే మొదలవుతాయి. ఆలస్యంగా చేరనిస్తారా అని అప్లై చేయకముందే మెయిల్ పెట్టి అడగండి. ఈ జల్లెడ పట్టాక చాలామందికి 20 మిగలవు.

లెమ్మా:
మిగిలినవి 12 అయితే 12 చోట్లా పెట్టమంటాను. స్టేట్‌మెంట్‌లో మొదటి రెండు పేరాలు ఉమ్మడిగా ఉంచి, మూడోది ఆ సైట్ గత పేపర్లలో ఒకటి చదివి కొత్తగా రాస్తే ఒక్కోదానికి ఒక సాయంత్రం చాలు.

అంచు_శీర్షం:
12 సాయంత్రాలు దొరికితే సంతోషమే, ఫైనల్స్ అయ్యేదాకా దొరకవు. ఎన్ని పెట్టినా ఆఫర్లు వచ్చాక ఒకటి గుర్తుంచుకోండి. చాలా గణిత ఆర్‌ఈయూలు మార్చి మొదట్లో పడే ఒక ఉమ్మడి తేదీకి ముందు జవాబు కోసం ఒత్తిడి చేయబోమని ఒప్పుకున్నాయి. మీ సైట్ ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే గడువు రెండు మూడు రోజులే ఉండొచ్చు. అప్పుడు మీకు ఎక్కువ ఇష్టమైన సైట్‌కు వెంటనే మెయిల్ రాసి, చేతిలో ఆఫర్ ఉంది, ఫలానా తేదీలోగా చెప్పాలి, నా అప్లికేషన్ ఎంతదాకా వచ్చింది అని అడగొచ్చు. ఒకచోట ఒప్పుకున్న రోజే మిగతా అన్నిచోట్లా విరమించుకోండి. వెయిట్‌లిస్ట్‌లో ఉన్నవాళ్ళకు ఆ సీటు వెళ్ళేది మీరు ఆ మెయిల్ పంపాకే.